లినక్స్‌లో పోస్ట్‌గ్రెస్ క్లయింట్‌ను మాత్రమే ఇన్‌స్టాల్ చేసుకోవడం: పీఎస్‌క్యూఎల్ సమగ్ర మార్గదర్శి

డేటాబేస్ సర్వర్ ఎక్కడో వేరే యంత్రంలో నడుస్తూ ఉంటుంది. మన లినక్స్ యంత్రానికి కావలసింది దానితో మాట్లాడే ఒక చిన్న ప్రోగ్రామ్ మాత్రమే. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ (క్లుప్తంగా పోస్ట్‌గ్రెస్) అనే డేటాబేస్ విషయంలో ఆ ప్రోగ్రామ్ పేరు పీఎస్‌క్యూఎల్. ఈ చిన్న పనిలో ఎక్కువమంది చేసే పొరపాటు, క్లయింట్ కోసం వెళ్లి మొత్తం సర్వర్‌ను ఇన్‌స్టాల్ చేసుకోవడం. ఆ పొరపాటు నేనూ చేశాను. కొత్త ల్యాప్‌టాప్‌లో తొందరపడి ప్యాకేజీ పేరు సగమే టైప్ చేసి ఇన్‌స్టాల్ చేశాక పీఎస్‌క్యూఎల్ అని కొడితే, నా పేరుతో రోల్ (అంటే సర్వర్‌లోని యూజర్ ఖాతా) ఏదీ లేదన్న సందేశం వచ్చింది. సర్వర్‌లో నా ఖాతాను ఎవరో తొలగించారనుకుని డేటాబేస్ చూసే ఆయనకు కాస్త ఘాటుగానే ఉత్తరం రాశాను. ఖాతా పదిలంగా ఉందని ఆయన జవాబిచ్చారు. తీరా చూస్తే నేను మాట్లాడుతున్నది ఆయన సర్వర్‌తో కాదు, ఐదు నిమిషాల క్రితం నా ల్యాప్‌టాప్‌లోనే నాకు తెలియకుండా పుట్టిన ఖాళీ సర్వర్‌తో. అందుకే ఈ మార్గదర్శిలో ఏది ఇన్‌స్టాల్ చేయాలో ఎంత చెప్తానో, ఏది చేయకూడదో కూడా అంతే చెప్తాను.

ఇక్కడ ఆదేశాలన్నీ పలికే తీరులో తెలుగు లిపిలో రాశాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలతో టైప్ చేయాలి, పెద్ద అక్షరం అవసరమైన చోట ప్రత్యేకంగా చెప్తాను. అడ్డగీతలు, చుక్కలు, ఖాళీలు ఎక్కడ కనిపిస్తే అక్కడ అలాగే ఉంచాలి. సర్వర్, యూజర్, డేటాబేస్ పేర్లుగా వాడిన తెలుగు పదాలు ఉదాహరణలు మాత్రమే కనుక వాటి స్థానంలో మీ పేర్లు రాసుకోండి.

మొదలుపెట్టే ముందు

టెర్మినల్ తెరవడానికి ముందే సర్వర్ నిర్వాహకుల నుంచి కొన్ని వివరాలు తీసుకోండి. సర్వర్ చిరునామా, పోర్ట్ సంఖ్య, డేటాబేస్ పేరు, యూజర్ పేరు, పాస్‌వర్డ్, సర్వర్ వెర్షన్, ఎన్‌క్రిప్షన్ తప్పనిసరా కాదా అన్నవి చాలు. మార్చకపోతే పోర్ట్ 5432 ఉంటుంది. వీటిలో జనం అడగడం మరిచిపోయేది వెర్షన్. తర్వాత ఇబ్బంది పెట్టేది కూడా అదే.

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో ఏటా ఒక పెద్ద వెర్షన్ విడుదలవుతుంది, దానికి సుమారు 5 సంవత్సరాల పాటు మద్దతు ఉంటుంది. 2017లో వచ్చిన 10వ వెర్షన్ నుంచి పెద్ద వెర్షన్‌ను ఒకే సంఖ్యతో చెప్తున్నారు. అంతకు ముందు 9.6 లాంటి రెండు సంఖ్యలు కలిస్తేనే ఒక పెద్ద వెర్షన్ అయ్యేది. పీఎస్‌క్యూఎల్ తనతో సమానమైన లేదా తనకంటే పాత సర్వర్‌లతో బాగా పనిచేస్తుంది. సర్వర్ కొత్తదై క్లయింట్ పాతదైతే డేటాబేస్‌ను ప్రశ్నించే భాష అయిన ఎస్‌క్యూఎల్‌లోని సాధారణ ప్రశ్నలు నడుస్తాయి గాని, టేబుళ్ల వివరాలు చూపే, బ్యాక్‌స్లాష్ (\) గుర్తుతో మొదలయ్యే ఆదేశాలు తడబడవచ్చు. క్లయింట్ ప్యాకేజీతోనే వచ్చే పీజీ_డంప్ అనే బ్యాకప్ పరికరం మరీ కఠినం, తనకంటే కొత్త పెద్ద వెర్షన్ సర్వర్ నుంచి బ్యాకప్ తీయడానికి అది ఒప్పుకోదు. కాబట్టి క్లయింట్ వెర్షన్ సర్వర్ వెర్షన్‌కు సమానంగానో, ఒకటి రెండు మెట్లు పైనో ఉండేలా చూసుకోవడమే నా సలహా.

మీ లినక్స్ ఏ కుటుంబానికి చెందిందో, ఏ విడుదలో తెలియకపోతే ఈ ఆదేశం చెప్తుంది:

క్యాట్ /ఈటీసీ/ఓఎస్-రిలీజ్

డెబియన్, ఉబుంటు

ఇక్కడ ప్యాకేజీలను చూసుకునే ప్రోగ్రామ్ ఆప్ట్, ముందు సుడో చేరిస్తే ఆదేశం నిర్వాహక హక్కులతో నడుస్తుంది. ముందుగా ప్యాకేజీల జాబితాను తాజా చేసుకుని, ఏ వెర్షన్ దొరుకుతుందో చూడాలి.

సుడో ఆప్ట్ అప్‌డేట్
ఆప్ట్ పాలసీ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్-క్లయింట్

రెండో ఆదేశం ఏమీ ఇన్‌స్టాల్ చేయదు, దొరికే వెర్షన్‌ను మాత్రం చూపిస్తుంది. ఉబుంటు 22.04లో 14, ఉబుంటు 24.04లో 16, డెబియన్ 12లో 15, డెబియన్ 13లో 17 వస్తాయి. మీ సర్వర్‌కు అది సరిపోతే వేరే దారులు వెతకనక్కర లేదు:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్-క్లయింట్

ఎంటర్ కొట్టగానే ఆప్ట్ తాను ఇన్‌స్టాల్ చేయబోయే ప్యాకేజీల పేర్లను చూపించి అనుమతి అడుగుతుంది. చాలామంది చదవకుండా వై అక్షరం నొక్కేస్తారు, మీరు మాత్రం ఒక్కసారి ఆగి చదవండి. ఆ జాబితాలో పేరు చివర క్లయింట్ అనీ, వెర్షన్ సంఖ్యతో కలిసిన క్లయింట్ అనీ, క్లయింట్-కామన్ అనీ, లిబ్‌పీక్యూ5 అనీ కనిపిస్తే అంతా సరిగ్గా ఉన్నట్టే. లిబ్‌పీక్యూ అన్నది సర్వర్‌తో సంభాషణను నిజంగా నడిపే లైబ్రరీ, పీఎస్‌క్యూఎల్ దాని మీద కూర్చున్న ముఖం. అలా కాకుండా క్లయింట్ అన్న మాట లేకుండా పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్-16 వంటి పేరు కనిపిస్తే అది సర్వర్, వెంటనే ఎన్ నొక్కి బయటికి రండి. డెబియన్ కుటుంబంలో సర్వర్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయితే మిమ్మల్ని మరేమీ అడగకుండానే మెయిన్ అనే పేరుతో ఒక డేటాబేస్ క్లస్టర్‌ను (ఒకే సర్వర్ నడిపే డేటాబేస్‌ల సమూహాన్ని) సృష్టించి, దాన్ని నడపడం కూడా మొదలుపెట్టేస్తుంది. నా ల్యాప్‌టాప్‌లో జరిగింది అదే.

సర్వర్ కొత్తదై, మీ పంపిణీలో (డెబియన్, ఉబుంటు వంటి లినక్స్ రకంలో) దొరికే క్లయింట్ పాతదైతే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ప్రాజెక్టు స్వయంగా నిర్వహించే ఆప్ట్ రిపాజిటరీని, అంటే ప్యాకేజీల భాండారాన్ని, జోడించుకోవాలి. దీనికి సంతకపు తాళంచెవిని దింపి, జాబితా ఫైలును చేత్తో రాసే పాత పద్ధతుల వెంట పడవద్దు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్-కామన్ అనే ప్యాకేజీలో ఆ పని చేసిపెట్టే స్క్రిప్ట్ సిద్ధంగా ఉంది. ఆ ప్యాకేజీలో సర్వర్ లేదు, భయం అక్కర లేదు.

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్-కామన్
సుడో /యూఎస్ఆర్/షేర్/పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్-కామన్/పీజీడీజీ/ఆప్ట్.పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్.ఓఆర్‌జీ.ఎస్‌హెచ్
సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్-క్లయింట్-17

రెండో వరుసలోని స్క్రిప్ట్ ఏమి చేయబోతోందో చెప్పి, ఎంటర్ నొక్కమని అడుగుతుంది. చివరి వరుసలో 17 బదులు మీకు కావలసిన వెర్షన్ రాయండి. సంఖ్య రాయకుండా వదిలేస్తే రిపాజిటరీలోని అన్నిటికంటే కొత్త వెర్షన్ వస్తుంది, అది సాధారణంగా మంచిదే.

ఫెడోరా, రెడ్‌హ్యాట్ కుటుంబం

ఇక్కడ పేర్ల తిరకాసు తలకిందులుగా ఉంటుంది. డెబియన్‌లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అంటే సర్వర్ అయితే, ఈ కుటుంబంలో అదే పేరు క్లయింట్‌ది. సర్వర్ కావాలంటే చివర సర్వర్ అని విడిగా రాయాలి.

సుడో డీఎన్ఎఫ్ ఇన్‌స్టాల్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్

రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8, 9 విడుదలల్లోనూ, వాటి మీద ఆధారపడిన పంపిణీల్లోనూ వేర్వేరు వెర్షన్లు మాడ్యూళ్లుగా ఉంటాయి. డీఎన్ఎఫ్ మాడ్యూల్ లిస్ట్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అని అడిగితే అందుబాటులో ఉన్నవి కనిపిస్తాయి. ఉదాహరణకు 16 కావాలనుకుంటే, ఇన్‌స్టాల్ చేయడానికి ముందే సుడో డీఎన్ఎఫ్ మాడ్యూల్ ఎనేబుల్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్:16 అని చెప్పాలి.

కంటైనర్లలో ఎక్కువగా కనిపించే ఆల్పైన్‌లో వెర్షన్ సంఖ్య పేరులోనే ఇమిడి ఉంటుంది, ఏపీకే యాడ్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్16-క్లయింట్ అని కొడితే సరిపోతుంది. ఆర్చ్‌లో పీఎస్‌క్యూఎల్ వచ్చేది పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్-లిబ్స్ అనే ప్యాకేజీలో.

ఇన్‌స్టాల్ అయిందా, ఏది అయింది

పీఎస్‌క్యూఎల్ --వెర్షన్

ఒక వరుసలో వెర్షన్ కనిపిస్తే క్లయింట్ సిద్ధంగా ఉన్నట్టు. తర్వాత సర్వర్ ఏదీ రహస్యంగా చేరలేదని కూడా నిర్ధారించుకోండి. ఎస్ఎస్ -ఎల్‌టీఎన్ అనే ఆదేశం మీ యంత్రంలో కనెక్షన్ల కోసం ఎదురుచూస్తున్న పోర్ట్‌లను చూపిస్తుంది. అందులో 5432 కనిపించకూడదు.

డెబియన్, ఉబుంటుల్లో ఒక విశేషం ఉంది. అక్కడ పీఎస్‌క్యూఎల్ అని టైప్ చేస్తే మొదట నడిచేది అసలు ప్రోగ్రామ్ కాదు, పీజీ_ర్యాపర్ అనే చిన్న స్క్రిప్ట్. ఒకే యంత్రంలో రెండు మూడు వెర్షన్లు ఉన్నప్పుడు ఏది నడపాలో అది తేలుస్తుంది. ఫలానా వెర్షనే కావాలనుకుంటే ఆ మధ్యవర్తిని పక్కనపెట్టి పూర్తి దారి ఇవ్వవచ్చు: /యూఎస్ఆర్/లిబ్/పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్/16/బిన్/పీఎస్‌క్యూఎల్.

మొదటి కనెక్షన్

పీఎస్‌క్యూఎల్ -హెచ్ సర్వర్‌చిరునామా -పీ 5432 -యూ నివేదిక -డీ అమ్మకాలు

ఇందులో యూ ఒక్కటే పెద్ద అక్షరం, మిగిలినవి చిన్నవి. ఏది రాయకపోతే ఏమవుతుందో తెలిసి ఉండడం చాలా ముఖ్యం. యూజర్ పేరు ఇవ్వకపోతే మీ లినక్స్ లాగిన్ పేరునే పీఎస్‌క్యూఎల్ వాడుతుంది. డేటాబేస్ పేరు ఇవ్వకపోతే యూజర్ పేరే డేటాబేస్ పేరు అనుకుంటుంది. సర్వర్ చిరునామా ఇవ్వకపోతే నెట్‌వర్క్ వైపు చూడనే చూడదు, మీ యంత్రంలోని స్థానిక సాకెట్ ఫైలు (అదే యంత్రంలోని ప్రోగ్రామ్‌లు మాట్లాడుకునే ప్రత్యేక ఫైలు) కోసం వెతుకుతుంది. డెబియన్ కుటుంబంలో ఆ ఫైలు /వర్/రన్/పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డైరెక్టరీలో ఉండాలి. సర్వర్ లేని యంత్రంలో అది ఉండదు కనుక, ఆ పేరుతో ఫైలు లేదన్న సందేశం వస్తుంది. ఆ సందేశం కనిపిస్తే దాని అర్థం దాదాపు ఎప్పుడూ ఒకటే, మీరు చిరునామా ఇవ్వడం మరిచిపోయారు.

పాస్‌వర్డ్ టైప్ చేస్తున్నప్పుడు తెరమీద ఏమీ కనిపించదు, చుక్కలు కూడా రావు. కీబోర్డు పనిచేయడం లేదేమోనని కంగారు పడవద్దు. పాస్‌వర్డ్‌ను ఆదేశంలోనే కలిపి రాసే పద్ధతి కూడా ఉంది గాని దాన్ని అలవాటు చేసుకోవద్దు. అలా రాసినది షెల్ (టెర్మినల్‌లో ఆదేశాలను అందుకునే ప్రోగ్రామ్) చరిత్ర ఫైలులో మిగిలిపోతుంది, ఆ యంత్రంలో ఉన్న ఇతర యూజర్లు నడుస్తున్న ప్రోగ్రామ్‌ల జాబితా తీస్తే వారికీ కనిపించే అవకాశం ఉంది.

లోపలికి వెళ్లగానే డేటాబేస్ పేరు, దాని పక్కన సమానం గుర్తు, ఆపైన కుడివైపు చూసే బాణం మొన కనిపిస్తాయి, దీన్నే ప్రాంప్ట్ అంటారు. బాణం మొన స్థానంలో హాష్ గుర్తు ఉంటే మీరు సూపర్‌యూజర్‌గా (అన్ని హక్కులూ ఉన్న యూజర్‌గా) ప్రవేశించారన్నమాట, అప్పుడు చేయి కాస్త నెమ్మదించాలి. మొదట కొట్టవలసిన ఆదేశం ఇది:

\కాన్‌ఇన్ఫో

ఏ డేటాబేస్‌కు, ఏ యూజర్‌గా, ఏ చిరునామాకు, ఏ పోర్ట్‌లో కనెక్ట్ అయ్యారో ఇది చెప్తుంది. ఆ ఉత్తరం రాయడానికి ముందు నేను ఈ ఒక్క పని చేసి ఉంటే ఆయనకు క్షమాపణ చెప్పవలసి వచ్చేది కాదని అనుకోవడానికి లేదు, ఎందుకంటే అప్పుడు నాకు ప్రాంప్టే రాలేదు. వచ్చినవారికి మాత్రం ఇది మంచి అలవాటు.

ఇక కొత్తవారందరూ తప్పకుండా చిక్కుకునే చోటు. ఒక సెలెక్ట్ ప్రశ్న రాసి ఎంటర్ కొడతారు, ఏమీ జరగదు. మళ్లీ కొడతారు, మళ్లీ ఏమీ జరగదు. ప్రాంప్ట్‌ను జాగ్రత్తగా చూస్తే సమానం గుర్తు పోయి దాని స్థానంలో అడ్డగీత వచ్చి ఉంటుంది. వాక్యం ఇంకా పూర్తి కాలేదు, సెమికోలన్ కోసం చూస్తున్నాను అని దాని భావం. సెమికోలన్ ఒక్కటి టైప్ చేసి ఎంటర్ కొడితే జవాబు వచ్చేస్తుంది. అడ్డగీత బదులు కొటేషన్ గుర్తు కనిపిస్తే ఎక్కడో తెరిచిన కొటేషన్ మూయలేదు, కుండలీకరణ గుర్తు కనిపిస్తే బ్రాకెట్ మూయలేదు. రాసినదంతా వదిలేయాలనుకుంటే కంట్రోల్, సీ కలిపి నొక్కండి. బయటికి రావడానికి \క్యూ అని కొట్టాలి. 11వ వెర్షన్ నుంచి క్విట్ అన్నా, ఎగ్జిట్ అన్నా కూడా వింటుంది.

కనెక్షన్ కుదరకపోతే

పీఎస్‌క్యూఎల్ ఇచ్చే దోష సందేశాలు నిజాయతీ గలవి. వాటిని చివరి అక్షరం వరకూ చదివితే ఎవరిని అడగాలో తెలుస్తుంది. కనెక్షన్ తిరస్కరించబడింది అని వెంటనే వస్తే, ఆ యంత్రం వరకూ చేరారు గాని ఆ పోర్ట్‌లో ఎవరూ వినడం లేదు. పోర్ట్ సంఖ్య తప్పయి ఉండవచ్చు, సర్వర్ ఆగిపోయి ఉండవచ్చు, లేదా అది బయటి చిరునామాలకు వినేలా అమర్చబడి ఉండకపోవచ్చు. చాలాసేపు మౌనంగా ఉండి గడువు మించిందని చెప్తే, మధ్యలో ఏదో ఫైర్‌వాల్ మీ అభ్యర్థనను మింగేస్తోందని అనుమానించాలి. ఎవరు ఎక్కడి నుంచి రావచ్చో సర్వర్‌కు చెప్పే పీజీ_హెచ్‌బీఏ ఫైలులో మీకు తగిన వరుస లేదన్న సందేశం నిజానికి శుభవార్త లాంటిది. సర్వర్ మిమ్మల్ని చూసింది, మీ చిరునామా, యూజర్, డేటాబేస్ కలయికకు అనుమతి మాత్రం లేదు. ఆ సందేశంలోనే ఆ వివరాలన్నీ ఉంటాయి కనుక దాన్ని ఉన్నది ఉన్నట్టు నిర్వాహకులకు పంపండి. స్క్రామ్ అనే పాస్‌వర్డ్ ధ్రువీకరణ పద్ధతికి లిబ్‌పీక్యూ 10 లేదా ఆపై వెర్షన్ కావాలన్న సందేశం వస్తే మీ క్లయింట్ మరీ పాతదన్నమాట. 14వ వెర్షన్ నుంచి, అమరిక మార్చకపోతే, సర్వర్‌లు కొత్త పాస్‌వర్డ్‌లను ఆ పద్ధతిలోనే భద్రపరుస్తాయి కనుక క్లయింట్‌ను మార్చడమే సరైన దారి.

ఎన్‌క్రిప్షన్ గురించి ఒక హెచ్చరిక. ఎస్ఎస్ఎల్‌మోడ్ అనే అమరికను మీరు తాకకపోతే అది ప్రిఫర్ అనే విలువతో ఉంటుంది. అంటే ముందు ఎన్‌క్రిప్షన్‌తో ప్రయత్నించి, సర్వర్ కుదరదంటే మారుమాట లేకుండా మామూలు కనెక్షన్‌కు దిగిపోతుంది. సొంత నెట్‌వర్క్ దాటి వెళ్లే కనెక్షన్లకు నేను వెరిఫై-ఫుల్ తప్ప మరొకటి వాడను. అది సర్వర్ ధ్రువపత్రాన్నీ, అందులోని పేరునూ రెండింటినీ సరిచూస్తుంది. అందుకు నమ్మదగిన మూల ధ్రువపత్రం మీ హోమ్ డైరెక్టరీలోని .పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డైరెక్టరీలో రూట్.సీఆర్‌టీ పేరుతో ఉండాలి.

పాస్‌వర్డ్‌ను భద్రంగా ఉంచడం

రోజుకు పదిసార్లు పాస్‌వర్డ్ టైప్ చేయడం విసుగు. హోమ్ డైరెక్టరీలో .పీజీపాస్ అనే ఫైలును సృష్టించి, ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో వరుస రాసుకోవచ్చు. వరుసలో చిరునామా, పోర్ట్, డేటాబేస్, యూజర్, పాస్‌వర్డ్ ఈ క్రమంలోనే, మధ్యలో కోలన్ గుర్తులతో ఉండాలి:

సర్వర్‌చిరునామా:5432:అమ్మకాలు:నివేదిక:రహస్యం

పాస్‌వర్డ్‌లోనే కోలన్ గాని బ్యాక్‌స్లాష్ గాని ఉంటే దాని ముందు ఒక బ్యాక్‌స్లాష్ చేర్చాలి. ఆ తర్వాత ఈ ఆదేశం తప్పనిసరి:

సీహెచ్‌మోడ్ 600 ~/.పీజీపాస్

ఇతరులు చదవగలిగే అనుమతులతో ఉన్న ఫైలును పీఎస్‌క్యూఎల్ హెచ్చరించి పక్కన పెట్టేస్తుంది, మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది. అన్నీ సరిగ్గానే రాశాను, ఎందుకు అడుగుతోందని తల పట్టుకునేవారిలో ఎక్కువమంది ఆ హెచ్చరికను చూడనివారే.

రోజువారీ సౌకర్యాలు

హోమ్ డైరెక్టరీలోని .పీఎస్‌క్యూఎల్ఆర్‌సీ ఫైలులో రాసుకున్న ఆదేశాలు ప్రతిసారీ ప్రారంభంలో నడుస్తాయి. నా ఫైలులో చాలాకాలంగా నిలిచినవి మూడే. \ఎక్స్ ఆటో అని రాస్తే, తెర వెడల్పులో పట్టని వరుసలు నిలువుగా పేర్చి కనిపిస్తాయి. \టైమింగ్ ఆన్ ప్రతి ప్రశ్నకు పట్టిన సమయాన్ని చూపుతుంది. మూడోది ప్రాంప్ట్ మార్పు, నాకు అన్నిటికంటే విలువైనది. \సెట్ ఆదేశంతో ప్రాంప్ట్1 అనే చరరాశికి, పెద్ద అక్షరాలతో రాసిన ఆ పేరుకు, కొత్త నమూనా ఇవ్వవచ్చు. ఆ నమూనాలో శాతం గుర్తు వెంట చిన్న ఎన్ రాస్తే యూజర్ పేరు, చిన్న ఎం రాస్తే సర్వర్ పేరు, ముందుకు వాలిన గీత రాస్తే డేటాబేస్ పేరు కనిపిస్తాయి. చివర శాతం గుర్తుతో పెద్ద ఆర్, మళ్లీ శాతం గుర్తుతో హాష్ చేర్చడం మరిచిపోవద్దు, పైన చెప్పిన సమానం గుర్తు, బాణం మొన సంకేతాలు వాటి వల్లనే వస్తాయి. స్థానిక సాకెట్ ద్వారా కనెక్ట్ అయినప్పుడు సర్వర్ పేరు ఉండవలసిన చోట చదరపు బ్రాకెట్లలో లోకల్ అని కనిపిస్తుంది.

ఫైలులోని ఎస్‌క్యూఎల్‌ను నడపడానికి -ఎఫ్ వాడతారు. స్క్రిప్ట్‌లలో దానితోపాటు పెద్ద ఎక్స్‌తో -ఎక్స్, చిన్న వీతో -వీ ఆన్_ఎర్రర్_స్టాప్=1 కూడా ఇవ్వండి. ఆ చరరాశి పేరు మొత్తం పెద్ద అక్షరాల్లో ఉండాలి. మొదటిది మీ సొంత అమరికలను చదవకుండా ఆపుతుంది. రెండోది లేకపోతే మధ్యలో ఒక ఆదేశం విఫలమైనా పీఎస్‌క్యూఎల్ తర్వాతి ఆదేశాలను నడుపుకుంటూ పోతుంది. ఆ అమరిక ఉంటే అక్కడే ఆగి, షెల్‌కు 3 అనే విలువను తిరిగి ఇస్తుంది.

పొరపాటున సర్వర్ చేరి ఉంటే

ఇప్పటికే నాలాగే చేసి ఉంటే, డెబియన్ కుటుంబంలో ముందుగా పీజీ_ఎల్ఎస్‌క్లస్టర్స్ అని కొట్టి చూడండి. మీ యంత్రంలోని క్లస్టర్లు, వాటి వెర్షన్లు, పోర్ట్‌లు కనిపిస్తాయి. అందులో మీకు పనికొచ్చే డేటా ఏదీ లేదని నిర్ధారించుకున్నాకే తొలగించండి:

సుడో ఆప్ట్ రిమూవ్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్-16

16 స్థానంలో మీకు కనిపించిన వెర్షన్ రాయాలి. రిమూవ్ ప్రోగ్రామ్‌ను మాత్రమే తీసేసి, /వర్/లిబ్/పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లోని డేటా ఫైళ్లను అలాగే వదులుతుంది. పర్జ్ అయితే ఆ డేటాను కూడా తొలగించాలా అని అడిగే దశ వరకూ వెళ్తుంది. అనుమానం ఉంటే రిమూవ్‌తోనే ఆగండి. క్లయింట్ ప్యాకేజీ విడిగా ఉంటుంది కనుక దానికేమీ కాదు. తర్వాత చిరునామా ఇవ్వకుండా ఒకసారి పీఎస్‌క్యూఎల్ అని కొట్టి చూడండి. రోల్ లేదన్న మాట పోయి, సాకెట్ ఫైలు లేదన్న సందేశం రావాలి.